తూనికయు నేతకులమును



ఈ వార్షిక మహాసభా సంచికకు ఏదేని చరిత్రవిషయమును వ్రాసి పంపుడని సంఘకార్యనిర్వాహకులు మమ్ము కోరిరి. కులోత్పత్తిని గూర్చియు, గోత్రప్రవరలను గూర్చియు పెద్దలు ఇదివఱకే బహుధా వ్రాసియున్నారు. కావున మేము ప్రతిదినమును మన యిండ్లలో జరుగుచున్నదియు, చరిత్రగా నెవ్వరును ఎంచనిదియు నగు నొక చిన్న విషయమును గైకొంటిమి. అది తూనిక.

ప్రత్తి తూచి తెచ్చుకొందుము. నూలు తూచి యిత్తుము. వస్త్రమును తూచి యొప్పగింతుము. మన కులమున కూలి యనునది పూర్వకాలమునుండి తూనికను పట్టియే నిర్ణయింపబడుచు వచ్చినది. తూనిక నెఱిగినవాడు తన కూలిని తానెఱిగినవాడు; ఎఱుగనివాడు పరుల మాటపై బ్రదుకువాడు. కావున మన బాలబాలికలకు తూనికను చక్కగా నేర్పుట గణితమున నొక పాఠము మాత్రమే గాదు, అది కులరక్షణము. ఈ మాటను చరిత్రమువలన నిరూపించుటయే మా యుద్దేశము.

స్మృతులలో నేతగాని తూనిక

మనుస్మృతి యెనిమిదవ యధ్యాయమున నేతగానిని గూర్చి యొక విధి కలదు. పది పలముల నూలు గైకొన్నవాడు పదునొకండు పలముల వస్త్రము నీయవలెను. ఈయనిచో 12 పణముల దండుగ. పది పదునొకండగుట యెట్లని చదువరులు శంకింప నక్కఱలేదు. పడుగునకు పెట్టు గంజివలన వస్త్రమునకు బరువు పెరుగునని వ్యాఖ్యాతలు చెప్పిరి. మగ్గమెఱిగిన యింట పుట్టినవారికి వ్యాఖ్యాత లేకున్నను ఇది తెలియును.

యాజ్ఞవల్క్యస్మృతిలో ఇదే విషయము మఱింత సూక్ష్మముగా నున్నది. ముతక నూలునకు నూటికి పది పలములు, మధ్యమమునకు ఐదు, సన్ననిదానికి మూడు పలములు మాత్రమే వృద్ధి యని యచట చెప్పబడినది. ఈ భేదము నెంచి చూడవలెను. నూఱు పలముల సన్ననూలు నేసినవాడు న్యాయముగా 103 పలముల వస్త్రము నీయగలడు. మనువు చెప్పిన లెక్క నతనికిని వర్తింపజేసినచో 110 పలములు చూపవలెను. ఆ యేడు పలములను అతడు ఎచ్చటనుండి తెచ్చును? గంజి మితిమీఱి దట్టించి వస్త్రమును చెఱుపవలెను, లేదా దొంగ యనిపించుకొనవలెను. ముతకకు సన్నమునకు ఒకే లెక్క పెట్టుట అన్యాయమని గ్రహించి, తూనికలోని తారతమ్యమును ధర్మశాస్త్రమున కెక్కించిన వాక్య మది. సన్ననూలు నేయు కులమువారు ఆ స్మృతికర్తకు ఋణపడియున్నారని మేము తలంతుము.

కౌటిల్యుని యర్థశాస్త్రమున సూత్రాధ్యక్షుడను అధికారి యొకడు కలడు. సన్నము, ముతక, మధ్యమము అను నూలుభేదము నెఱిగి కూలి నిర్ణయించుట యతని విధి. ఇల్లు వెడలని స్త్రీలును నూలు వడికి జీవింపవచ్చునని యందు కలదు. వారిలో తెల్లవాఱుజామున తామే వచ్చి నూలు నిచ్చువారికి అప్పుడే కూలి ముట్టవలెను. దీపము నూలును పరీక్షించుటకు మాత్రమే యుండవలెను. పరీక్షించువాడు స్త్రీ ముఖమును చూచినను, వేఱు మాటలాడినను దండ్యుడు. కూలి ఇచ్చుట జాగు చేసినవానికిని దండుగ కలదు. వడుకు స్త్రీ మానమును, ఆమె నూలునకు రావలసిన మూల్యమును ఒకేచోట కాపాడిన యీ నియమమును మన సభలలో తఱచుగా జ్ఞప్తికి దెచ్చుకొనవలెను.

గింజనుండి గుండువఱకు

ఇంతకును పలమనగా నెంత? ఐదు గురివింద గింజల యెత్తు ఒక మాషము. పదునాఱు మాషములు ఒక కర్షము. నాలుగు కర్షములు ఒక పలము అని యర్థశాస్త్రము. అనగా 320 గింజలు. భాస్కరాచార్యులు 1150 ప్రాంతమున రచించిన లీలావతిలోను ఈ లెక్కయే కలదు. లెక్కలు ప్రారంభించుటకు ముందే ఆయన మానములను చెప్పెను. మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును తెలిగించిన పావులూరి మల్లన మనవాడు; ఆ మూలగ్రంథమును పరిభాషతోడనే మొదలగును. మానమును ముందు తెలిసికొని పిమ్మట గణితమునకు బోవలెనని ప్రాచీనుల క్రమము. నేటి పాఠశాలలలో నిది తలక్రిందులై, తక్కెడను ముట్టనిదే కిలోగ్రాములను గ్రాములుగా మార్చు లెక్కలు చేయించుచున్నారు.

గింజ సులభముగా దొరకును. కాని గింజ గింజకు భేదము కలదు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, ఎండినది తేలిక. గురివింద తన క్రింది నలుపెఱుగదని సామెత. తూచువాడును తన గింజలోని లోపమును తానెఱుగడు. అందుచేతనే కౌటిల్యుడు తూనికగుండ్లను ఇనుముతోగాని, మగధ మేకల దేశముల రాతితోగాని, నీట తడిసి పెరుగక వేడిమిచే తఱుగక యుండు మఱి యే వస్తువుతోగాని చేయవలెనని విధించెను. నాలుగు నెలల కొకసారి వానిని పరీక్షించి ముద్ర వేయవలె ననెను. మనువు ఆఱు నెలల కొకసారి రాజు పరీక్ష చేయింపవలె ననెను. ఈ విధులలో తూనికశాస్త్రపు సారమంతయు కలదు: తూగు వస్తువు మారవచ్చును, తూచు గుండు మారరాదు. ఈ వాక్యమును చదువరులు గుర్తుంచుకొందురు గాక. మఱల దీనితో పని కలదు.

పలము, వీశె, మణుగు

స్మృతులలోని పలము మన సీమలో నిన్నమొన్నటివఱకు బ్రతికియుండెను. చెన్నపట్టణపు రాజధానిలోని వాడుక యిది: మూడు తులములు ఒక పలము, ఎనిమిది పలములు ఒక సేరు, ఐదు సేర్లు ఒక వీశె, ఎనిమిది వీశెలు ఒక మణుగు, ఇరువది మణుగులు ఒక పుట్టి. ఐదు పలములు ఏబులము, పది పలములు పదలము. తులమనగా రూపాయి యెత్తు. 1835లో నేర్పడిన కుంపిణీ రూపాయి 180 గ్రెయిన్ల తూకము గలది. మొలలో రూపాయి యున్నవానికి తూనికగుండు నున్నట్లే. నేటి లెక్కలో తులము 11.66 గ్రాములు, వీశె సుమారు 1 కిలో 400 గ్రాములు.

మా బాల్యమున ముసలివారు బెల్లమును, చింతపండును వీశెలలోనే చెప్పుకొనుట వింటిమి. ఆ మాటలు మధురములే. అయినను పాతది యంతయు మంచిదని చెప్పుట చరిత్రకారునకు తగదు. మన సేరు 24 తులములు. ఉత్తరాదిని చెల్లిన సేరు 80 తులములు. మన మణుగు 960 తులములు; ఉత్తరాది మణుగు 3200 తులములు. పేరొక్కటే, బరువు మూడింతలకు పైగా భేదము. పుట్టి యనునది కొలతలోను కలదు, తూనికలోను కలదు. ఇంగ్లీషువారి పౌను 7000 గ్రెయిన్లు. అనగా ఇంచుమించు 39 తులములు. ఇట్టి గందరగోళమున నష్టపోవువాడు ఎల్లప్పుడును లెక్క రానివాడే. పెద్ద సేరుతో కొని చిన్న సేరుతో నమ్ముటకు మాటనేర్పు చాలును, దొంగతనము చేయ నక్కఱలేదు.

పొందూరు నూలు

తూనికయే విద్యయై, ఆ విద్యయే కీర్తియైన యూరు శ్రీకాకుళము జిల్లాలోని పొందూరు. కొండప్రత్తిని గైకొని, వాలుగచేప దవడయెముకతో దువ్వి, పీటపై నినుపకడ్డీని దొర్లించి గింజను తీసి, వింటితో ఏకి, ఏకులను చుట్టి, ఎండిన అరటిపట్టలలో దాచుకొని, ఇరువదినాలుగు ఆకుల రాట్నముపై ఒంటికదురుతో వడుకు పద్ధతి యచటిది. ఆ వడుకరు లందఱును స్త్రీలే యన్నను తప్పులేదు. 1925లో నేర్పడిన అఖిలభారత చరఖాసంఘము చేతివడుకును దేశమంతట నొక క్రమమునకు దెచ్చినది. 1935లో వడుకువారి కూలిని పెంచుటకు నిశ్చయించినది. పొందూరిలో 1949లో నేర్పడిన ఆంధ్ర సన్నఖాదీ కార్మికాభివృద్ధి సంఘము నేటికిని ఆ నూలుతో వస్త్రములను నేయించుచున్నది.

పొందూరు నూలు నూఱవ నంబరు అని లోకులు పొగడుదురు. నంబరనగా నేమో చెప్పుడన్నచో ఊరకుందురు. అది కేవలము తూనికయే. ఇంగ్లీషు లెక్కలో 840 గజముల చిలపలు ఒక పౌనునకు ఎన్ని తూగునో అది నంబరు. నూఱవ నంబరైనచో పౌనునకు నూఱు చిలపలు. అనగా 84,000 గజములు, సుమారు 47¾ మైళ్లు. మెట్రిక్కు లెక్కలో 1000 మీటర్ల చిలపలు కిలోగ్రామునకు ఎన్ని తూగునో అది నంబరు. నూఱవ నంబరు చిలప యొక్కటి సరిగా 10 గ్రాములు. ఏబదియవ నంబరుది 20 గ్రాములు. బరువు తగ్గినకొలది నంబరు పెరుగును, నంబరు పెరిగినకొలది కూలి పెరుగవలెను.

ఇందొక చిక్కు గలదు. ఇంగ్లీషు నూఱును, మెట్రిక్కు నూఱును ఒకటి కావు. ఇంగ్లీషు నూఱవ నంబరు నూలు 1000 మీటర్లు తూచినచో 6 గ్రాములకు లోపుగా నుండును. మెట్రిక్కున అది 169వ నంబరు. కావున "నూఱవ నంబ"రని యెవరైన ననినచో, "ఏ మానమున?" అని మన యాడుబిడ్డ అడుగగలిగియుండవలెను. మానము చెప్పని సంఖ్య పేరు చెప్పని సాక్షి వంటిది.

కిలోగ్రాము

ఈ భేదములను పోగొట్టుటకు 1956లో తూనికలు కొలతల ప్రమాణముల చట్టము వచ్చినది. 1958 అక్టోబరు మొదలు క్రమక్రమముగా కిలోగ్రాము వాడుకలోనికి వచ్చి, 1962 నాటికి వీశెను మణుగును అంగడినుండి తొలగించినది. నేడు 2009 నాటి చట్టము అమలులో నున్నది; ముద్రపడని గుండుతో వ్యాపారము చేయుట నేరము.

కిలోగ్రామునకు మూలముగా 1889లో ఫ్రాన్సుదేశమున ప్లాటినము ఇరీడియము కలిసిన లోహపు గుండొకటి నిలుపబడెను. దాని ప్రతులలో 57వది మన దేశమునకు వచ్చి, ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో నున్నది. చిత్రమేమనగా, నూఱేండ్లు జాగ్రత్తగా దాచిన ఆ మూలగుండునకును దాని ప్రతులకును నడుమ ఒక గ్రాములో రెండువేల కోట్లవ వంతుల లెక్క గాదు గాని, కిలోగ్రాములో ఇరువది మిలియనుల కొకవంతు, అనగా సుమారు 50 మైక్రోగ్రాముల భేదము కానవచ్చెను. లోహమును నమ్ముట చాలదని తేల్చి, 2019 మే 20వ తేదీనుండి ప్లాంకు స్థిరాంకమను ప్రకృతిసంఖ్యను పట్టి కిలోగ్రామును నిర్వచించిరి. తూచు గుండు మారరాదను కౌటిల్యుని నియమమే యిట్లు పరాకాష్ఠ నొందినది.

నేర్పవలసిన విధము

1937 అక్టోబరులో వార్ధాయందు జరిగిన విద్యాసభ, తదనంతరము జాకీర్ హుస్సేనుగారి యాధ్వర్యవమున కూర్చబడిన ప్రణాళిక, చేతిపనిని మూలముగా గైకొని గణితాదులను నేర్పవలెనని చెప్పినవి. ఏకును తూచి, నూలును కొలిచి బాలుడు లెక్క నేర్చుకొనవలెనని వారి తలంపు. ఆ విధానము పాఠశాలలనుండి చాలవఱకు తొలగిపోయినను, మన యిండ్లలో దానికి కావలసిన సామగ్రి యంతయు నున్నది. మా యనుభవమున ఫలించిన క్రమమును ఇచట విన్నవించుచున్నాము.

మొదట మానముల పేరెత్తరాదు. పిల్లవాని యొక చేత బుట్టెడు ప్రత్తిని, వేఱొక చేత చిన్న యినుపగుండును ఉంచి, ఏది బరువని యడుగవలెను. కన్ను ప్రత్తి యనును, చేయి యినుమనును. పెద్దదెల్ల బరువు కాదని చేతికి తెలిసిన నాడు తొలిపాఠము ముగిసినట్లు. పిమ్మట అదే ప్రత్తిని అణచి యుండచేసి, ఏకులుగా చుట్టి, తూచి చూపవలెను. రూపు మారినను, తుక్కు రాలనంతవఱకు, బరువు మారదని తెలియును.

రెండవది తక్కెడ. కఱ్ఱకు రెండు కొబ్బరిచిప్పలు కట్టినను చాలును. వట్టి తక్కెడ సమముగా నిలుచుచున్నదా యని ముందు చూడనేర్పవలెను. పిదప సరకును గుండ్లను తారుమారు చేసి తూచనేర్పవలెను. మార్చినను ముల్లు నడుమనే నిలిచినచో త్రాసు మంచిది. ఒరిగినచో దాని చేతులు సమములు కావు. ఈ యొక్క పరీక్ష నెఱిగిన బాలుని దొంగత్రాసు మోసగింపజాలదు.

మూడవది వివాదము. ఒకే వస్తువును నలుగురు పిల్లలకిచ్చి, వేఱువేఱు చింతపిక్కలతో తూపవలెను. గురివింద గింజలు విషము గలవి గనుక చిన్నవారి చేతికీయరాదు. ఒకరికి నలువదియు నొకరికి నలువదియైదును వచ్చును. అందఱును సరిగానే తూచిరి, అయినను లెక్కలు కలియలేదు. అప్పుడు పిల్లలే "అందఱికి ఒకే గుండు కావలె" నందురు. ఆ మాట వారి నోట వచ్చిన క్షణముననే గ్రాముగుండును చేతికీయవలెను. అడుగకముందు ఇచ్చిన మానము కంఠస్థమగును గాని మనఃస్థము కాదు.

నాలుగవది ఊహ. తూచుటకు ముందు ఎంతయుండునో చెప్పించి, పిదప తూపవలెను. నూఱవ నంబరు చిలప 10 గ్రాములు, లీటరు నీరు ఇంచుమించు కిలోగ్రాము అను రెండు గుర్తులు చేతిలో నిలిచినచో మిగిలినవి వానినిబట్టి తెలియును. నేడు అంగళ్లలో అంకెలు చూపు విద్యుత్తు కాటాలు వచ్చినవి. అవి మంచివే, కాని ఊహలేని బాలునకు కాటా చూపినదెల్ల సత్యమే. వట్టి కాటా సున్న చూపుచున్నదా, తెలిసిన గుండును పెట్టినచో సరియగు అంకె వచ్చుచున్నదా యని చూచుట నేటి పిల్లలకు తారుమారు పరీక్షతో సమానము.

ఒక బాలిక తూచిన నూలు

మేము పాఠము చెప్పు దినములలో, నూలు వడుకు నొక ముదుసలి మనుమరాలు మా తరగతిలో నుండెను. ఆ ముదుసలి ఆశ్వయుజపు ముసురులలో 500 గ్రాముల ప్రత్తి తెచ్చుకొని, మార్గశిరమున నూలు నప్పగించెను. నూలును, రాలిన తుక్కును కలిపి తూచినను 485 గ్రాములే వచ్చెను. తఱిగిన 15 గ్రాములు ఏమైన వని తూచినవాడు నలుగురిలో నడిగెను. దొంగ యని నోరు తెఱచి యనలేదు. అనవలసినంతయు ఆ యడుగుటలోనే యుండెను. ఏబది యేండ్లు వడికిన చేయి గల యామె మఱునాడు రాట్నము ముట్టలేదు.

బాలిక ఆ మాట తరగతిలో చెప్పి కంటనీరు పెట్టుకొనెను. మేము సమాధానము చెప్పక, తూచి చూడుమంటిమి. ఆమె యింటనున్న నూలు కొంత తెచ్చి ఉదయమున తూచెను. మధ్యాహ్నమువఱకు ఎండలో నుంచి మఱల తూచెను. రాత్రి తడిబట్ట చెంత నుంచి, తాకనీయక, మఱునాడు తూచెను. ఎండలో తఱిగినది, తేమలో మఱల పెరిగినది. ప్రత్తి గాలిలోని తేమను పీల్చును. అందుచేతనే వ్యాపారలోకమున పొడి ప్రత్తినూలు బరువునకు నూటికి ఎనిమిదిన్నర పాళ్లు తేమ చేర్చి లెక్కకట్టు వాడుక యున్నది. ముసురులో అంతకు మించి యుండును, ఎండగాలిలో తగ్గును. ముదుసలి దొంగిలినది లేదు. తూచినవాడు తప్పు తూచినదియు లేదు. ఆ పదునైదు గ్రాములు ఆశ్వయుజపు వాన.

బాలిక తాను వ్రాసిన కాగితమును గైకొని, ముదుసలితో గూడ పోయి, తూచినవానికి చూపెను. అతడు మంచివాడు, చదివి, "నాకీ సంగతి తెలియదమ్మా" యని ముదుసలితో ననెను. ఆమె మఱల రాట్నము పట్టెను. తూగు వస్తువు మారవచ్చును, తూచు గుండు మారరాదు అని మేము శ్లోకములు చెప్పి బోధింపలేనిదానిని ఆ బిడ్డ మూడు తూనికలతో మాకే బోధించెను.

మనవి

నూలు అపహరించువా రను అపవాదు మన వారిపై ఎంతకాలమునుండి యున్నదో స్మృతులలోని దండుగలే చెప్పుచున్నవి. ఆ యపవాదమునకు కోపము సమాధానము కాదు, తూనికయే సమాధానము. కావున మహాసభవారికి మా విన్నపము: ఖర్చు పెద్దది కాదు, ఫలము పెద్దది. మన వారు వసించు ప్రతి నేతవీథిలోని పాఠశాలకును ఒక మంచి త్రాసును, ఒక గ్రామునుండి కిలోగ్రామువఱకు ముద్రపడిన గుండ్లవరుసను సంఘపక్షమున నొసగవలెను. అవి బీరువాలో పూజింపబడక బాలబాలికల చేతులలో అరుగుటకు ఉపాధ్యాయులు పూనుకొనవలెను. వడుకువా రెవరైనను వచ్చి తమ ప్రత్తిని, నూలును అచట తూచి చూచుకొనుటకు వీలుండవలెను. పోషకమహాశయులు జ్ఞాపికలకును, దండలకును వెచ్చించు ద్రవ్యములో కొంత దీనికి మరలించినచో, వారి పేరు గుండ్లపై చెక్కకున్నను పిల్లల లెక్కలలో నిలుచును.

మన పూర్వులు సన్ననూలు వడికి లోకమును మెప్పించిరి. ఆ నూలు ఎంత సన్ననిదో తాము తూచి చెప్పగల బిడ్డలను మనము పెంచుదము గాక.

ఇతి శివమ్.